లేబుల్ వచ్చిందా?

మా అమ్మ పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాయలేకపోయాక ఇంకెక్కడ రాస్తే ఏం లాభం! ఆ పేరు ఒక గుల్లకి పెట్టాలని ఒకప్పుడు నాకు మహా ఆశగా ఉండేది. గుల్ల అనగానే సముద్రపు ఒడ్డున పిల్లలు ఏరుకునేవి గుర్తు తెచ్చుకోకండి. నేను చెప్పేది ఇసుక రేణువంత ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితేగాని అది గుల్ల అని తెలియదు. ఏనాడో సముద్రం అడుగున బతికి చచ్చిపోయిన ఒక చిన్న ప్రాణి కట్టుకున్న ఇల్లు అది. అలాంటివి మట్టిలోంచి ఏరి, ఏ జాతివో తేల్చి, వాటిని బట్టి ఆ మట్టి వయసు చెప్పడం నా ఉద్యోగం. యూనివర్సిటీలో దీన్ని శిలాజశాస్త్రం అంటారు. ఆ మాట వినగానే జనం రాక్షసబల్లుల సంగతి అడుగుతారు. నేను జీవితంలో ఒక్క ఎముక ముట్టుకోలేదు. ఆ సంగతి చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం ఎలా వాడిపోతుందో పెళ్ళిళ్ళలో, రైళ్ళలో చాలాసార్లు చూశాను.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు నోటితో మాట్లాడుకునేదే తప్ప చదివేది, రాసేది ఎవరికీ రాదు. నేను అక్షరాలు నేర్చుకుంది పెద్ద చదువుకి ఆంధ్రా వెళ్ళాక, హాస్టల్లో వారపత్రికల హెడ్డింగులు కూడబలుక్కుని. అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. మా ఊళ్ళో దాన్ని ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆపీసు అంటారు. ఇంకా పొట్టిగా ఉత్త ఆపీసు. తెల్లారేసరికి ఆడవాళ్ళంతా సద్ది గిన్నెలు పట్టుకుని గుంపుగా బయలుదేరితే, ఆపీసుకి పోతుండారు అనే అంటారు.

ఆ ఆపీసులో కుర్చీ ఉండదు, బల్ల ఉండదు. నేల మీద కూర్చుని, గాడులున్న చెక్క చట్రాల్లో పుల్లలు పేర్చాలి. నిండిన చట్రాన్ని తీసుకెళ్ళి మందులో ముంచుతారు. పుల్లకి పుల్ల తగిలితే మందు ముద్దకట్టి చట్రం చెడిపోతుంది. అందుకని ముంచేముందు ఒకాయన వచ్చి ప్రతి చట్రాన్నీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. ఆయన్ని కణక్కపిళ్ళ అనేవాళ్ళు. పేరుకి లెక్కలు రాసే గుమాస్తా, కానీ ఆడవాళ్ళ పనికి తీర్పు చెప్పేదీ ఆయనే. నచ్చకపోతే మాట్లాడేవాడు కాదు, చట్రాన్ని అక్కడికక్కడే బోర్లించేవాడు. పుల్లలన్నీ నేలపాలు. పొద్దుటి నుంచి వంగి పేర్చినదాన్ని ఒక మనిషి ఒక్క చేత్తో తిరగేసి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అమ్మ ఎప్పుడూ వివరించి చెప్పలేదు. ఆ పూట ఇంటికొచ్చి గిన్నెలు విసిరేది, అంతే. మా ఇంట్లో కణక్కపిళ్ళ అనేది తిట్టు. కూరలో ఉప్పెక్కువైందని నాయన నోరు తెరిస్తే చాలు, వచ్చినాడు కణక్కపిళ్ళ అనేది.

నేను పెట్టెలు అంటించేదాన్ని. బడికి పోయేముందు కాసేపు, వచ్చాక కాసేపు, జిగురు గిన్నె ముందు పెట్టుకుని. అదేదో ఘనకార్యంలా చెప్పడం లేదు. మా వీధిలో ఆడపిల్లలందరూ చేసేదే. దాని వల్ల నా వేళ్ళు మహా చురుగ్గా తయారయ్యాయి. ఈ వేళ్ళే నా కొంప ముంచాయి.

ఆంధ్రాలో యూనివర్సిటీ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, తర్వాత నాకు గైడు అయిన ప్రొఫెసరుగారు మీ అమ్మగారు ఏం చేస్తారని అడిగారు. ఆఫీసులో పని అన్నాను. అబద్ధం ఆడాలన్న ఊహే నాకు లేదు, మా ఊళ్ళో అది ఆపీసే మరి. ఆయన ముఖం విప్పారింది. ఉద్యోగం చేసే తల్లి, చదువు విలువ తెలిసిన కుటుంబం అన్నమాట అని పక్కాయనతో అన్నారు. సీటు వచ్చింది. రెండేళ్ళ దాకా నన్ను ఎంతో మర్యాదగా చూశారు. ఆయన గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళనిచ్చేవారు. హాస్టల్లో మాత్రం నా మాట వింటే చాలు, ఇకఇకలు పకపకలు. మీది తెలుగేనా, ఏ కాలం నాటిది అని అడిగేవాళ్ళు. పోనీ గురువుగారైనా నన్ను మనిషిలా చూస్తున్నారు కదా అని దిగమింగుకునేదాన్ని.

ఆ తర్వాత అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. రైలు దిగి, మా ఊరి పల్లీపట్టీ, కడలమిట్టాయి పొట్లాలు సంచిలో వేసుకుని, సరాసరి డిపార్టుమెంటుకే వచ్చింది. ప్రొఫెసరుగారు లేచి నమస్కారం పెట్టి, ఏ ఆఫీసులో చేస్తున్నారమ్మా అని అడిగారు. అమ్మకి ఏ బెరుకూ లేదు. తీపెట్టి ఆపీసు సామీ, పుల్ల పేర్చేది అని చెప్పి, ఎలా పేరుస్తారో గాలిలో వేళ్ళాడించి చూపించింది. ఆయన ఆ వేళ్ళు చూశారు. తర్వాత తల తిప్పి నా వేళ్ళు చూశారు. నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ఏదో లెక్క తేలినట్టు నవ్వారు. కడలమిట్టాయి ఒక ముక్క నోట్లో వేసుకుని చాలా బాగుందన్నారు కూడా.

ఆ వారం నుంచే నేను ఏరేదాన్ని అయిపోయాను.

మా పనిలో అది మొదటి మెట్టు. మట్టిని సోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఉడకబెట్టి, సన్న జల్లెడలో కడిగి ఆరబెడతాం. మిగిలిన పొడిని నల్ల పళ్ళెంలో పలచగా చల్లి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడిపిన సన్న కుంచె మొనతో ఒక్కొక్క గుల్లనీ ఎత్తి అట్ట మీద అంటించాలి. మెడలు పట్టేస్తాయి, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. తక్కినవాళ్ళు వారంలో చేసేది నేను రెండు రోజుల్లో చేసేదాన్ని. ఇంకేముంది, డిపార్టుమెంటులో అందరి మట్టీ నా బల్ల మీదికే వచ్చింది. నా వెనక చేరిన మగపిల్లలు నేను ఏరిచ్చిన గుల్లల మీద పేపర్లు రాసుకుని, సదస్సులకి వెళ్ళి, ఉద్యోగాల్లో చేరారు. ప్రొఫెసరుగారి గదిలో పాఠాలు ఆగిపోయాయి. దారిలో కనబడితే, ఏమ్మా ఎన్ని అయ్యాయి అనేవారు. మా అమ్మని కణక్కపిళ్ళ అడిగినట్టే అడిగేవారు. ఒళ్ళు మండేది. పైకి అవుతున్నాయి సార్ అనేదాన్ని.

ఆ రోజుల్లోనే మా మేనమామ ఒక ఎరువు సంచి నిండా మట్టి తెచ్చి ఇచ్చాడు. ఆయన విళాత్తికుళానికి తూర్పున సముద్రం వైపు ఒక పల్లెలో కూలి పనులు చేసేవాడు. నల్లరేగడిలో బావి తవ్వుతుంటే అడుగున బూడిదరంగు బంకమట్టి వచ్చిందట. దాన్నిండా కంటికి కనబడే గుల్లల ముక్కలు కూడా మెరుస్తున్నాయట. మా చెల్లి కూతురు మట్టే చదువుతుండాది, దానికి ఉపయోగపడుతుంది అని సంచిలో ఎత్తి భుజాన వేసుకుని వచ్చాడు. ఎవరూ నాకు అప్పగించని మట్టి అది ఒక్కటే. ఆదివారాలు కడిగి, నా కోసం నేను ఏరుకున్నాను.

అందులో దొరికింది ఆ గుల్ల. చిన్నది, చుట్ట చుట్టుకుని, అంచున పూసలు గుచ్చినట్టు బుడిపెలతో ఉంది. అలాంటివి ఆ మట్టిలో బోలెడు కనబడ్డాయి. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను, ఎందులోనూ లేదు. బొమ్మ వేశాను, కొలతలు తీశాను, వివరం రాశాను. కొత్త జాతిని కనిపెట్టినవాళ్ళకి పేరు పెట్టే హక్కు ఉంటుంది. సొంత పేరు పెట్టుకుంటే మావాళ్ళు నవ్వుతారు, కావలసినవాళ్ళ పేరు పెట్టుకోవచ్చు. పెట్టి అచ్చయితే ఇక అది ప్రపంచమంతటికీ ఆ పేరే. నేను రెండో ఆలోచన లేకుండా అమ్మ పేరు రాశాను. కాగితాలు గైడుగారికి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, బాగుంది, ఉంచు అన్నారు.

సెలవులకి కోవిల్‌పట్టి వచ్చినప్పుడు ఆగలేక అమ్మకి చెప్పేశాను. ఒక గుల్లకి నీ పేరు పెడుతున్నాను, దాన్ని చిన్న పెట్టెలో పెట్టి మ్యూజియంలో దాస్తారు, పెట్టె మీద లేబుల్ ఉంటుంది, దాని మీద నీ పేరుంటుంది అన్నాను. అమ్మ చేతిలో పని ఆపేసింది. మా ఊళ్ళో పెట్టె, లేబుల్, పేరు అన్న మూడు మాటలూ కలిసి వినబడితే ఎవరికైనా ఒక్కటే అర్థం. అగ్గిపెట్టె మీద రంగుల లేబుల్ ఉంటుంది. ఓనర్లు తమ ఇంటి ఆడపిల్లల పేర్లు ఆ లేబుల్‌కి పెట్టుకుంటారు. అమ్మ ఒక ఓనరు కూతురి పేరున్న పెట్టెలు బతుకంతా నింపింది.

"నా పేరుతో లేబులా? ఓనరమ్మకి మాదిరా?" అంది.

అలాంటిదే అన్నాను. మర్నాటికల్లా ఆపీసంతా తెలిసిపోయింది. చట్రాల ముందు కూర్చున్న ఆడవాళ్ళంతా ఎప్పుడొస్తుంది, ఏ బొమ్మ వేస్తారు, మాకు తలా ఒకటి ఇప్పిస్తావా అని అమ్మ చుట్టూ చేరారట. అమ్మ ఆ వారమంతా ఎవరి మీదా విసుక్కోలేదు.

పేపరు అచ్చయింది. అందులో, కొత్త జాతిని కనిపెట్టింది మా గైడుగారు. దానికి ఆయన పెట్టింది వాళ్ళ గురువుగారి పేరు. బొమ్మ నాది, కొలతలు నావి, వాక్యాలు కూడా చాలావరకు నావే. చివర, ఓపికగా గుల్లలు ఏరినందుకు కృతజ్ఞతలు అని నా పేరు చిన్న అక్షరాల్లో వేశారు. లైబ్రరీలో నిలబడి చదివాను. అలాగే పేపరు పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. సార్, ఇది నేను చూసింది కదా అన్నాను. ఆయనకి కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు ఇంకొంచెం గౌరవం మిగిలేది.

"ఏరడం వేరు, చూడటం వేరమ్మా. నీ చెయ్యి గొప్పది. ఎవరు కాదన్నారు?" అన్నారు.

నోరు మూసుకుని బయటికొచ్చాను. నా థీసిస్ ఆయన బల్ల మీదే ఉంది, ఆయన సంతకం పెడితేనే నేను డాక్టరుని. అరిచి గోల చేస్తే మట్టి సంచీతో ఇంటికి పంపించి ఉండేవారు, మళ్ళీ జిగురు గిన్నె ముందు కూర్చునేదాన్ని. నాకు ధైర్యం చాలలేదని ఎవరైనా అంటే వాళ్ళని ఒకసారి ఆ జిగురు వాసన చూడమంటాను.

అమ్మకి ఫలానా అని చెప్పాను, మా సార్ వాళ్ళ సార్ పేరు పెట్టినారు అని. అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఓనరు ఎవురి పేరు చెప్తే ఆ పేరే గదా అంది. నాకే ఉక్రోషం ఆగక, ఇంకొకటి దొరుకుతుందమ్మా, దానికి తప్పకుండా నీ పేరే పెడతాను అన్నాను. ఆ మాట పట్టుకుంది. అప్పట్నుంచి నేను ఎప్పుడు ఇంటికి వచ్చినా కాళ్ళకి నీళ్ళిచ్చి ముందు అడిగేది అదే: లేబుల్ వచ్చిందా? మొదట్లో నిజంగా అడిగేది. తర్వాత ఆటపట్టించడానికి అడిగేది. ఇంకా తర్వాత ఎందుకు అడిగేదో నాకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంకొకటి దొరకలేదు. తమిళనాడులోనే ఒక యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరాను. అక్కడ ఈ గుల్లల గొడవ ఎవరికీ పట్టలేదు. భూగర్భజలాల పాఠాలు చెప్పమన్నారు, చెప్పాను. మైక్రోస్కోపు అడిగితే వచ్చే ఏడాది అనేవారు. ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూకి వెళితే, అవతల కూర్చునేది మా గైడుగారి స్నేహితులో శిష్యులో అయి ఉండేవాళ్ళు. మీరు స్వతంత్రంగా ఏం కనిపెట్టారు అని అడిగేవాళ్ళు, నవ్వు మొహంతో. ఆంధ్రావాళ్ళు నన్ను అరవదాన్ని అన్నారు, ఇక్కడివాళ్ళు తెలుగుది అన్నారు. ఇద్దరికీ కానిదాన్ని పైకి తెచ్చి ఎవరేం బావుకుంటారు! చివరిదాకా ఒక మెట్టు కిందే ఉండి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. దానికి కారణాలు వేరే ఉన్నాయి, అవి గైడుగారి ఖాతాలో వేయను.

నాయన పోయాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. రిటైరయ్యాక కోవిల్‌పట్టికే పోదామంటే అమ్మ ససేమిరా అంది. ఆపీసు ఆడవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు, కనబడితే లేబుల్ సంగతి అడుగుతారు అంది. అందుకని విరుదునగర్‌లో ఇల్లు తీసుకున్నాను. రైలెక్కితే ఎంతో దూరం లేదు, అయినా అమ్మ ఆ వైపు చూడదు. వెనక వీధిలో మిరపకాయల గోడౌన్లు. గాలి ఇటు తిరిగితే ఇద్దరం తుమ్ముతూ కూర్చుంటాం. అమ్మకి ఎనభై దాటాయి. చేతులు ఊరికే ఉండలేవని గోడౌన్ నుంచి మిరపకాయలు తెప్పించుకుని తొడిమలు తీస్తుంది. వద్దంటే వినదు.

కిందటేడు ఫోను వచ్చింది. చేసింది ఆ ఆంధ్రా డిపార్టుమెంటుకి ఇప్పుడు హెడ్డుగా ఉన్నాయన. ఒకప్పుడు నేను ఏరిచ్చిన గుల్లలతో థీసిస్ రాసుకున్న కుర్రాడే. గైడుగారు పోయి చాలాకాలమైంది, ఆయన పేరున స్మారక సంచిక వేస్తున్నారట. ఆయన కనిపెట్టిన ఆ సుప్రసిద్ధమైన జాతి గురించి నేనే వ్యాసం రాయాలట. మీ చేతి మీదుగా వచ్చింది కదా మేడమ్, మీకంటే ఎవరికి తెలుసు అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఫోను పెట్టేద్దామనుకున్నాను. పెట్టేసే ముందు ఎందుకో, రాస్తాను అన్నాను.

మామ తెచ్చిన మట్టి ఇంకా కొంత నా దగ్గరుంది. ఎన్ని ఊళ్ళు మారినా ఆ డబ్బా వెంట తిప్పుకున్నాను, మూత మాత్రం ఎప్పుడూ తియ్యలేదు. వ్యాసం రాయాలంటే కొత్త ఫొటోలు కావాలి కాబట్టి ఈసారి తీశాను. వంటింట్లోనే నానబెట్టి, ఉడకబెట్టి, కడిగాను. డబ్బా తీసినప్పుడు అమ్మ వచ్చి తొంగిచూసి, మా అన్న తెచ్చింది గదా అంది.

మా ల్యాబులో రెండు జల్లెడలు వాడేవాళ్ళం, పైన కాస్త పెద్ద కన్నులది, కింద సన్నది. పైదాంట్లో మిగిలింది పారబోయమని గైడుగారి ఆజ్ఞ. అందులో పడేవన్నీ అందరికీ తెలిసిన జాతులే, వాటితో కాలం వృథా అనేవారు. ఆ రోజుల్లో నేనూ సింకులో పారబోశాను. ఇప్పుడు నాకు ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు లేరు. రెండూ ఆరబెట్టి, రెండూ చూశాను.

నా గుల్ల కనబడింది. చుట్ట, అంచున పూసలు, అన్నీ అలాగే ఉన్నాయి. ఆ పక్కనే, పెద్ద జల్లెడ పొడిలో, అలాంటి చుట్టకే తోక మొలిచినట్టు ఒక అర, అంటే చిన్న గది, అదనంగా ఉన్నది కనబడింది. ఇంకొకదానికి రెండు. మరొకదానికి అంతకంటే పొడుగు. ఈ ప్రాణులు పెరిగేకొద్దీ గుల్లకి ఒక్కొక్క అర కట్టుకుంటూ పోతాయి. కొన్ని చిన్నప్పుడు చుట్ట చుట్టుకుని ఉండి, పెద్దయ్యాక నిటారుగా సాగుతాయి. వరసగా పేర్చి చూశాను. చివర నిలబడినది ప్రతి పాఠ్యపుస్తకంలోనూ బొమ్మ ఉన్న జాతి, ఎవరో తెల్లవాడు ఏనాడో పేరు పెట్టేసినది. మేము కొత్త జాతి అనుకున్నది దాని పిల్ల. తల్లులన్నీ పై జల్లెడలో ఆగిపోయి సింకులో కొట్టుకుపోయాయి. పిల్లలు మాత్రం నా కుంచెకి దొరికాయి.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ముందు నవ్వే వచ్చింది. ఆయన నా దగ్గర కొట్టేసింది ఒక తప్పుని! దొంగసొత్తు ఉత్తిదని తెలియకుండానే దాని మీద సన్మానాలు చేయించుకుని వెళ్ళిపోయాడు మహానుభావుడు. చూడటం వేరట! ఆ సాయంత్రం పక్కింటివాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా పాట పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే రెండో సగం తట్టింది. ఆయన కొట్టేయకపోతే ఆ తప్పు మీద మా అమ్మ పేరు ఉండేది.

హెడ్డుకి ఫోను చేసి చెప్పాను. నిజమే కావచ్చు మేడమ్, కానీ ఇది సందర్భం కాదు, పుస్తకం బయటికొచ్చాక నిదానంగా చూద్దాం అన్నాడు. గురువుగారి మీద మీకు మనసులో ఏదో ఉందని జనం అనుకుంటారు అని కూడా అన్నాడు. ఉంది, ఎందుకు లేదు అన్నాను. వ్యాసం రాయలేదు. పిల్లల నుంచి తల్లి దాకా ఫొటోలు వరసగా పెట్టి చిన్న పేపరు రాసి ఒక పత్రికకి పంపాను. వాళ్ళు పరీక్షించి అచ్చు వేశారు. మా శాస్త్రంలో ఇలాంటప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తర్వాతది చెల్లదు. గైడుగారి జాతి ఇప్పుడు ఎక్కడా లేదు.

అసలు గుల్ల ఆ డిపార్టుమెంటు మ్యూజియంలో ఉంది. కొత్త లేబుల్ రాసి పెట్టాలి, అది మా పద్ధతి. పాతది చించరు, దాని కింద సరైన పేరుతో కొత్త కాగితం పెట్టి, తేల్చినవాళ్ళ సంతకం వేస్తారు. వెళ్ళాను. హెడ్డు సెలవులో ఉన్నాడన్నారు. మ్యూజియం గుమాస్తా బీరువా తీసి పెట్టాడు. పెట్టె అగ్గిపెట్టె కంటే చిన్నది. గైడుగారి గుండ్రటి చేతిరాత కింద నా చేతిరాతతో జాతి పేరు రాసి, కింద నా పేరు రాశాను. ఆ గుల్లతో నా పేరు కలిసి ఉండటం అదే మొదటిసారి.

విరుదునగర్ వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను చెప్పులు విప్పకముందే, పోయిన పని ఏమాయె, లేబుల్ వచ్చిందా అని అడిగింది. ఈసారి వచ్చింది అన్నాను. పక్కన కూర్చుని మా తెలుగులో అంతా చెప్పాను, అది కొత్త జాతి కాదని, పాతదాని పిల్ల అని, పై జల్లెడ సంగతి, కింది జల్లెడ సంగతి. ఆమెకి జల్లెడ బాగానే అర్థమైంది.

"అట్లయితే ఆయన పెట్టిన పేరు?"

చెల్లదు, తీసేసినాను అన్నాను. అమ్మ చేతులు ఆగాయి. తర్వాత నవ్వింది. పళ్ళు లేని నోరంతా తెరిచి, మిరప ఘాటుకి దగ్గు వచ్చేదాకా నవ్వింది. తీసేస్తివా, నువ్వే తీసేస్తివా అని నా తొడ మీద కొట్టింది. ఇంక ఎవురూ ఆ పేరు చెప్పరా అని అడిగింది. చెప్పరు అన్నాను. లేబుల్ మీద ఇప్పుడు ఎవరి పేరుండాది అంటే నా పేరు అన్నాను. కోవిల్‌పట్టికి ఒకసారి పోయి వద్దామా అంది. అన్నేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నేను అక్కడే లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి ఉండాల్సింది.

కానీ అమ్మ మళ్ళీ ఒక కాయ చేతిలోకి తీసుకుని, తొడిమ తియ్యకుండా పట్టుకుంది.

"పాపా, ఆ పొద్దు వాళ్ళు నా పేరే పెట్టుంటే?"

ఆ ప్రశ్న వస్తుందని రైల్లో అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. అలా జరిగి ఉండేది కాదులే అందామనుకున్నాను. నీ పేరైతే నేను ఆ డబ్బా మూతే తీసేదాన్ని కాదు అందామనుకున్నాను, అది చాలా మంచి మాట, ఆమె నమ్మేది కూడా. తీరా ఆమె మొహం చూశాక ఆ రెండూ వదిలేశాను.

"అప్పుడూ ఆ పేరు తీసేసుంటానమ్మా."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

అమ్మ ఆ కాయ తొడిమ గిల్లి గిన్నెలో వేసింది.

"కణక్కపిళ్ళ," అంది.

అరవలేదు, విసుక్కోలేదు. చట్రం బోర్లించినవాణ్ణి ఏ గొంతుతో అనేదో ఆ గొంతుతోనే అంది. సాయంత్రం అన్నం పెట్టింది, రసం బాగుందా అని అడిగింది. కోవిల్‌పట్టి మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు నేను ఏ ఊరెళ్ళి వచ్చినా కాళ్ళకి నీళ్ళిస్తుంది, తిన్నావా అని అడుగుతుంది. లేబుల్ వచ్చిందా అని మాత్రం అడగదు.